ఇంట్ల గ్లాసుల పెట్టుకునేతందుకు మన దిక్కు పూలు ఏ కాలంల ఏవి దొర్కుతయి?

గడియారం సెంటర్ (నల్గొండ)
అందరికీ నమస్తే. ఒక చిన్న ముచ్చట అడుగుదామని వచ్చిన. హాల్ల టేబుల్ మీద పూలు పెట్టుకోవాలని నాకు మస్తు ఇష్టం, పెద్ద బొకేలు కాదు, ఉత్తగ ఒక గాజు గ్లాసుల నాలుగు కాడలు అంతే. ఇన్ని రోజులు ఎవరన్న హైదరాబాద్ పోతే జర్బెరా తెప్పిచ్చుకునేదాన్ని, చలికాలంల గ్లాడియోలస్. అవి బస్సుల వచ్చేసరికే సగం వాడుతయి, మిగిలిన సగం మా ఇంట్ల వాడుతయి. మొన్న సంక్రాంతికి తెచ్చిన గ్లాడియోలస్ అయితే కింది పూలు విచ్చుకున్నయి కానీ వాటి అంచులన్నీ కాలినట్టు గోధుమ రంగైనయి, పైన మొగ్గలు అట్లనే బిగుసుకపోయినయి, నీళ్ళు రోజూ మార్చిన కూడ. జర్బెరా అయితే మెడ వంచుకోని కూసుంటది.

ఇగ మన దిక్కు పండే పూలే పెట్టుకుందామని అనుకుంటున్న. మార్కెట్ల పూలమ్మేటోళ్ళ కాడ బంతి, చామంతి, లిల్లీ అన్నీ ఉంటయి కానీ ఒక్కదానికి కాడ ఉండదు. కాడతోటి కావాలంటే ఎవల్ని అడగాలె? ఏ నెలల ఏం దొర్కుతది? మా అత్తమ్మ అయితే "దేవునికి పెట్టని పూలు, తలల పెట్టని పూలు, టేబుల్ మీద ఎందుకే" అంటుంది, ఆమెకు జవాబు కూడ మీరే చెప్పున్రి 🙂

చెల్కపొలం (దేవరకొండ దిక్కు)
అక్కా, కాడ ఎందుకుండదంటే మేము తెంపేదే తలకాయలు. కిలోల లెక్కన అమ్ముడుపోయే సరుకు, కాడ బరువుకు ఎవడు పైసలిస్తడు, పైగ దండ గుచ్చేటోళ్ళకు కాడ అడ్డం. ఇంకొకటి చెప్త, బంతి నాటినంక నెలకు అటుఇటుగ తలలు తుంచుతం, అప్పుడు పక్క కొమ్మలు లేసి చెట్టు గుబురైతది, ఒక్కొక్క కొమ్మకు పువ్వు వెనుక మొగ్గ, మొగ్గ వెనుక ఇంకో మొగ్గ ఉంటది. మీరు జానెడు కాడ కోసుకపోతే ఆ వెనుక మొగ్గలన్ని మీతోటే పోతయి, అవి వచ్చే వారం నా పైసలు. అందుకే కాడపూలు అడిగితే రైతు మొకం అట్ల పెడ్తడు. మొగ్గల పైసలు కూడ కలుపుకోని కట్టకింత అని ముందే మాట్లాడుకుంటే మాత్రం ఎవలన్న ఇస్తరు.

ఇంకో ఉపాయం ఉన్నది. తోట ఆఖరికొచ్చి పువ్వు సైజు తగ్గినంక మార్కెట్ల తీసుకోరు, మేము దున్నేస్తం. దున్నే ముందు వారం పదిరోజులు ఎవలన్న వచ్చి కాడలు కోసుకపోతా అంటే నేనైతే కాదనను, పువ్వు చిన్నగుంటది కానీ గ్లాసుకు అదే మంచిది.

పొద్దు పొడవక ముందు కొయ్యాలె. ఎండ ఎక్కినంక కోస్తే చెట్టుల నీళ్ళు ఉండయి, సాయంత్రానికే వాలుతది. బంతి, చామంతి పూర్తిగ విచ్చుకున్నంకనే కొయ్యాలె, గట్టి మొగ్గ కోస్తే గ్లాసుల విచ్చుకోదు, అట్లనే వాడిపోతది. లిల్లీ అయితే అట్ల కాదు, కాడకు కింద రెండు మూడు పూలు విచ్చుకున్నప్పుడు కోస్తే మిగిలినయి ఇంట్ల ఒక్కొక్కటి పైకి విచ్చుకుంట పోతయి.

జడ్చర్ల పోరి
గునుగు గునుగు గునుగు!! ఎవ్వలు చెప్తలేరేంది. పైసా ఖర్చు లేదు, జొన్న చేన్ల గట్ల మీద ఇప్పుడు ఎక్కడ చూసినా ఉన్నది, నేను ఖాళీ సాస్ సీసాల పెట్టిన, పది రోజులు దాటినా ఏం కాలే, మా హాస్టల్ వార్డెన్ కూడ ఎక్కడ కొన్నవు అనడిగింది 😂 నీళ్ళు తీసేసి తలకిందులుగ కట్టి నీడకు ఎండబెడ్తే నెలల తరబడి అట్లనే ఉంటది, రంగు జర తెల్లబడ్తది గంతే

గడియారం సెంటర్
@చెల్కపొలం అన్నా ఇది మంచిగ చెప్పినవు, తోట దున్నే ముందు అనేది నాకు తట్టనే లేదు. మీ దిక్కు చామంతి ఎప్పటికి వస్తది?

చెల్కపొలం (దేవరకొండ దిక్కు)
చామంతి రాత్రి పొడుగైతేనే మొగ్గ తొడుగుతది అక్కా. వానకాలంల నాటుతం, దసరా దాటినంక రాత్రులు పెరుగుతయి కద, కార్తీకంల మొదలుపెట్టి సంక్రాంతి దాటేదాక కోతలు. ఎండకాలంల ఎవడన్న మన లోకల్ చామంతి అని అమ్మితే నమ్మకున్రి. రాత్రిళ్ళు లైట్లు పెట్టి పువ్వును ఆపేటోళ్ళు, నల్ల పరదా కప్పి ముందే పూయించేటోళ్ళు ఉన్నరు కానీ మా లాంటి చిన్న రైతుకు అయ్యే పని కాదు.

మూరపూలు (మిర్యాలగూడ)
మా ఇంట్ల మూడు తరాల నుంచి పూల యాపారమే, అమ్మ ఇప్పటికీ బండి కాడ కూసుంటది, కాబట్టి నెలల లెక్క నేను చెప్త, జర పొడుగుంటది ఓపిక పట్టున్రి. చైత్రం, వైశాఖం మల్లెలది, అది మూర పువ్వు కానీ కాడ పువ్వు కాదు, దాన్ని గ్లాసుల పెట్టేది ఉండదు, పొద్దుగూకంగ ఇత్తడి పళ్ళెంల నీళ్ళు పోసి మొగ్గలు చల్లితే అవి రాత్రికి విచ్చుకోని ఇల్లంత వాసన, ఫ్రిజ్‌ల పెట్టిన మల్లెకు ఆ వాసన రాదు. ఎండలు ముదిరినంక కాడపూలంటే నీళ్ళున్న తోటల్ల లిల్లీ, పెరట్ల జినియా, అంతకు మించి ఏం అడగకున్రి. వానలు పడ్డంక బంతి, జినియా, లిల్లీ, సీతజడ అన్నీ లేస్తయి, లిల్లీకి ఇదే బలం, అందులో ఒంటి రెక్కది దండలకు, ముద్దది గ్లాసుకు, ముద్ద లిల్లీ అని అడగున్రి, సువాసిని, వైభవ్ అనే రకాలు ముద్దవే, ప్రజ్వల్ అనేది ఒంటి రెక్క, దానికీ కాడ గట్టిగనే ఉంటది. బతుకమ్మప్పుడు గునుగు, తంగేడు, బంతి. కార్తీకం నుంచి చామంతి. చలి గట్టిగ ఉన్నప్పుడు ఆస్టర్, గ్లాడియోలస్, గులాబీ. చలికాలం గులాబీకి కాడ లావుగ, రంగు ముదురుగ ఉంటది, ఎండకాలం గులాబీ దానిముందు దండగ. ఆస్టర్ మాత్రం మీరు తప్పక అడగున్రి, దాన్ని మన దిక్కు ఎవలు గ్లాసుల పెట్టుకోరు కానీ తెలుపు, గులాబి, వంకాయ రంగుల్ల వస్తది, ఒక్కొక్క కాడకు నాలుగైదు పూలు, పెట్టేది తెలిస్తే వారం మీద ఉంటది.

ఇగ రేటు ముచ్చట. ఇంటికి పూలు కొనేటోళ్ళు అందరు కొనేటప్పుడే కొని రేటు మండిపోతుందని అంటరు. వరలక్ష్మి వ్రతం ముందు రోజు, దసరా ముందు రోజు, దీపావళికి కొనకున్రి అసలు. పెండ్లిళ్ళు లేని నెలలు చూడున్రి. ఆషాఢం (బోనాల ఆదివారాలు తప్ప), పుష్యం (సంక్రాంతి రెండు రోజులు తప్ప), మూఢాలు, ఇప్పుడు నడుస్తున్న పితృపక్షం, ఈ రోజుల్ల పువ్వు అడిగేటోడు ఉండడు, తోటల పూసేది ఆగదు. మా అమ్మ సాయంత్రం ఏడు దాటితే సగానికి ఇచ్చేస్తది. మీ అత్తమ్మకు గిదే చెప్పున్రి, దేవునికి పెట్టంగ మిగిలిన పూలే టేబుల్ మీదికి వచ్చినయి అని.

గడియారం సెంటర్
మూఢాల్ల పూలు కొనుడు 😄 ఇది రాసి పెట్టుకుంటున్న.

కెమిస్ట్రీ సారు
అమ్మా గడియారం సెంటర్, మీరు మొదట రాసిన గ్లాడియోలస్ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. మీ ఇంట్లో ఏ నీళ్ళు పోసినారు? బోరా, మిషన్ భగీరథ నల్లానా?

గడియారం సెంటర్
బోరు సారు. తాగడానికి నల్లా నీళ్ళు పడ్తం, మిగిలిన అన్నిటికి బోరే. ఎందుకు?

కెమిస్ట్రీ సారు
అనుకున్న. మన జిల్లా ఫ్లోరైడ్ గురించి నేను చెప్పేదేముంది, మర్రిగూడ, మునుగోడు, చండూరు దిక్కు దాని బాధ చూడని ఇల్లు లేదు. కింద ఉన్న గ్రానైట్ రాళ్ళల్లోని ఖనిజాల నుంచి నీళ్ళల్లోకి దిగుతుంది, బోరు లోతుకు పోయినకొద్దీ సమస్య పెరిగిన ఊర్లు చాలా ఉన్నాయి. మనుషులకు తాగే నీళ్ళల్ల లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే దారి లేకుంటే 1.5 దాకా ఓర్చుకోవచ్చు అని మన దేశ ప్రమాణం. ఇప్పుడు అసలు సంగతి, కోసిన పూలల్ల కొన్ని మనిషికంటే సున్నితం. గ్లాడియోలస్, జర్బెరా, ఫ్రీజియా ఈ మూడు లీటరుకు 1 మిల్లీగ్రాము ఉన్నా దెబ్బతింటాయి. గులాబీ, చామంతి అంతకు చాలా ఎక్కువ ఉన్నా తట్టుకుంటాయి. కాడ నీళ్ళు పీల్చుకుంటుంది, నీళ్ళు రెక్కల నుంచి ఆవిరైపోతాయి, ఫ్లోరైడ్ మాత్రం రెక్క అంచులకు చేరి అక్కడే పోగుపడుతుంది. అంచు కాలడం, పై మొగ్గలు విచ్చుకోకపోవడం, మీరు రాసిన రెండు లక్షణాలూ అవే. రోజూ నీళ్ళు మార్చితే తగ్గదు సరికదా రోజూ కొత్త ఫ్లోరైడ్ ఇచ్చినట్టు అయింది.

మరగబెడితే పోతుందేమో అని అడుగుతారు, పోదు, నీళ్ళు తగ్గి ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వేసి తేర్చే పద్ధతికి మన ఊరి పేరే పెట్టినారు కదా, నల్గొండ టెక్నిక్ అని, జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) వాళ్ళు 1970ల్ల తయారు చేసింది. పూలకు అంత కష్టం ఎందుకు, వాన నీళ్ళు పట్టుకోండి, మొదటి వాన వదిలేసి తర్వాతది. లేదంటే కృష్ణా నీళ్ళు వచ్చే నల్లా, ఆర్‌ఓ నీళ్ళు. ఎండాకాలం ఏసీ పైపు కింద బకెట్ పెడితే వచ్చే నీళ్ళు కూడా పనికొస్తాయి, అందులో ఉప్పులు ఉండవు.

నల్లరేగడి (సూర్యాపేట)
సారు తప్పనుకోకున్రి కానీ మన నల్గొండోళ్ళం ఏం జరిగినా ఫ్లోరైడ్ అంటం. జర్బెరా మెడ వంచుడు హైదరాబాద్ల కృష్ణా నీళ్ళు పోసేటోళ్ళ ఇంట్ల కూడ ఉన్నది. మా బావమరిదికి చేవెళ్ళ దిక్కు పాలీహౌస్ ఉన్నది, ఆయన చెప్పేది ఏందంటే జర్బెరా కాడ లోపల గుల్ల, నూగు నూగుగ ఉంటది, నీళ్ళల్ల మునిగిన భాగం తొందరగ కుళ్ళుతది, కుళ్ళింది కాడను మూస్తది, నీళ్ళు పైకి ఎక్కక మెడ వంగుతది. గ్లాసు నిండ పోయకుండ రెండు వేళ్ళ మందం నీళ్ళు చాలు అంటడు.

కెమిస్ట్రీ సారు
మీ బావమరిది చెప్పింది నిజమే, మెడ వంగడం బ్యాక్టీరియా పని, నేను దాన్ని ఫ్లోరైడ్ ఖాతాలో వేయలేదు. నేను చెప్పింది గ్లాడియోలస్ అంచుల గురించి. రెండు వేరు వేరు రోగాలు ఒకే ఇంట్లో కలిసినాయి. వాదన ఎందుకు, ఒకే కట్టలోని జర్బెరాలు రెండు గ్లాసుల్లో పెట్టి, ఒకదాంట్లో బోరు నీళ్ళు, ఒకదాంట్లో వాన నీళ్ళు, రెండూ రెండు వేళ్ళ మందమే, ఒకే బల్ల మీద పెట్టి చూడమనండి.

గడియారం సెంటర్
పెడ్త సారు. ఆదివారం మా తమ్ముడు వస్తుండు, తెమ్మంట.

షాద్‌నగర్ షటిల్
ఎండలు లేవు ఏసీ లేదు నేను ఫ్రిజ్ వెనుక ట్రేల నీళ్ళు పోస్త అంటే ఏం చెప్తరు సారు 😂

కెమిస్ట్రీ సారు
పోయండి, కానీ వాసన చూసి పోయండి.

జడ్చర్ల పోరి
సారు మరి నీళ్ళల్ల డిస్ప్రిన్ వేస్తే పూలు ఎక్కువ రోజులు ఉంటయి అంటరు కద, రాగి పైసా వేస్తరు, నిజమేనా, మా రూమ్మేట్ స్ప్రైట్ పోసింది ఒకసారి 🙈

కెమిస్ట్రీ సారు
స్ప్రైట్ పోసిన అమ్మాయి మిగతా ఇద్దరికంటే తెలివైంది. పువ్వుకు కావలసినవి కొంచెం చక్కెర, కొంచెం పులుపు, క్రిములు పెరగకుండా ఏదో ఒకటి. స్ప్రైట్‌లో మొదటి రెండూ ఉన్నాయి, మూడోది సరిపోయేంత లేదు, అందుకే రెండు రోజులకు జిగురు పడుతుంది. ఇంట్లో చేయాలంటే లీటరు నీళ్ళకు ఒక పెద్ద చెంచా చక్కెర, సగం నిమ్మకాయ రసం, నాలుగైదు చుక్కల బట్టల బ్లీచ్. లీటరు నీళ్ళల్లో కలపాలి, బ్లీచును నిమ్మరసంతో నేరుగా ఎప్పుడూ కలపకండి, ఘాటు వాయువు వస్తుంది. ఉత్త చక్కెర మాత్రం వేయకండి, అది పువ్వుకంటే ముందు క్రిములకు భోజనం. రాగి పైసా గురించి చెప్పాలంటే, ఇప్పుడు మన చేతికి అచ్చమైన రాగి పైసలు ఎక్కడ వస్తున్నాయి.

మునుగోడు పెద్దమ్మ
అన్ని చదివిన. మంచిగనే చెప్తున్రు గని గునుగు ఊకెనే దొర్కుతది తెంపుకోన్రి అని రాసిన బిడ్డకు ఒక మాట. వచ్చే అమావాస్యకు ఎంగిలిపూల బతుకమ్మ, ఆడికెల్లి సద్దుల దాక తొమ్మిది రోజులు ఊరందరికి గునుగు కావాలె. మా చిన్నప్పుడు జొన్న చేన్ల, సజ్జ చేన్ల గునుగు అడవి లెక్క ఉండేది, ఎంత తెంపినా తరగకపోయేది. ఇప్పుడు అందరు పత్తి వేసి గడ్డి మందు కొడ్తున్రు, గునుగు కనబడాల్నంటే గట్లు ఎతకాలె. మా ఊర్ల పోయిన యాడాది బతుకమ్మకు గునుగు కట్టలు కట్టి అమ్మిన్రు, నేను కొన్న, కొంటుంటే నాకే సిగ్గనిపిచ్చింది. అందుకని సద్దులైనంక తెంపుకో బిడ్డా, గట్టు మీద మిగిలింది అంత నీదే. తెంపేటప్పుడు చెట్టుతోటి పీకకు, కింద నాలుగు కంకులు ఇడిసిపెట్టు, ఆ గింజ రాలితేనే మళ్ళ యాడాది లేస్తది.

తంగేడు మాత్రం గ్లాసుల పెట్టకున్రి. మన రాష్ట్ర పువ్వు అని, పచ్చగ ఉన్నదని మస్తుమంది ఆశపడ్తరు, పొద్దున తెంపింది మర్నాటికి బల్ల నిండ రాలుతది. అది బతుకమ్మల ఒత్తుగ పేరిస్తేనే అందం.

జడ్చర్ల పోరి
సరే పెద్దమ్మా 🙏 సద్దులైనంకనే

మూరపూలు (మిర్యాలగూడ)
పెద్దమ్మ చెప్పింది అక్షరాల నిజం. మేము కూడ గునుగు కొనే తెస్తున్నం ఇప్పుడు, రంగులద్దిన గునుగు కట్టలకు పట్నంల గిరాకీ చెప్పేటట్టు లేదు.

అచ్చంపేట అడవి
కొమ్మలు పెట్టుకునుడు గురించి ఎవలన్న అంటరేమో అనుకున్న. మాఘం ఫాల్గుణంల మా దిక్కు మోదుగ పూస్తది, ఆకు ఒక్కటి ఉండదు, చెట్టంత మండుతున్నట్టు ఎర్రగ నారింజ రంగుల, ఒక్క కొమ్మ పెద్ద ఇత్తడి చెంబుల పెట్టి చూడున్రి, ఇంక ఏ పువ్వూ అక్కర్లేదు. కానీ కొమ్మను మాములుగ కోసి పెడ్తే నీళ్ళు గుంజదు, కింద రెండంగుళాలు నిలువుగ చీరాలె లేకుంటే బెరడు గీకాలె. పూలు రెండో రోజు నుంచి రాలుతయి, రాలినయి నీళ్ళల్ల ఉడకబెట్టి హోలీకి రంగు చేసుకోన్రి, పిల్లలకు ఏం కాదు. ఒక్క మాట, అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లోపల మాత్రం పుల్ల కూడ ముట్టకున్రి, శ్రీశైలం రోడ్డు మీద కార్లు ఆపి కొమ్మలు ఇరిచేటోళ్ళను చూస్తే కడుపు మండుతది. రైతును అడిగి పొలం గట్టు మీదిది కోసుకోవచ్చు.

పట్నంల పాలమూరోడు
గుడిమల్కాపూర్ మార్కెట్ నాకు దగ్గర, తెల్లారక ముందే పోతే మీరు చెప్పే కాడపూలు కట్టలు కట్టలు ఉంటయి. కానీ అడిగి కొనాలె, లారీ దిగిన సరుకు సగం బెంగళూరు, హోసూరు దిక్కుదే. మొయినాబాద్, చేవెళ్ళ, షాద్‌నగర్ నుంచి వచ్చేది జర్బెరా, గులాబీ, చామంతి. తేడా ఎట్ల తెలుస్తదంటే నేను కాడ కొస చూస్త, పొద్దున కోసింది పచ్చగ తడిగ ఉంటది, రెండు రోజుల కిందటిది గోధుమ రంగు తిరిగి మెత్తగైతది. జినియా అయితే ఇంకా సులువు, పువ్వు కింద జానెడు దూరంల కాడ పట్టుకోని ఊపాలె, తల ఊగులాడితే పచ్చిది, రెండు పూటలకు వాలుతది, కాడ గట్టిగ నిలబడితే తీసుకో. నాకు మా ఊరి నుంచి తెచ్చుకున్న జినియా ముందర ఏ జర్బెరా ఆగలే, మా అమ్మ బావి గట్టు మీద చల్లుతది, విత్తనం వేసిన రెండు నెలల లోపే పూత, కోసినకొద్దీ పూస్తది.

నల్లరేగడి (సూర్యాపేట)
మరి మందుల సంగతి ఎవలు మాట్లాడరేంది. బంతి చామంతికి ఎంత కొడ్తరో నేను చూసిన. ఇంట్ల చిన్నపిల్లలుంటే బల్ల మీద పెట్టుడు మంచిదేనా?

చెల్కపొలం (దేవరకొండ దిక్కు)
కొడ్తం అన్నా, అబద్ధం ఎందుకు. తామర పురుగు, నల్లి పడ్తే కొట్టకుంటే పువ్వు మార్కెట్ల నిలవది. తినే పంట కాదు గనుక చాలామంది మందు కొట్టిన తెల్లారే కోస్తరు. కోత ముందు ఎన్నడు కొట్టిన్రు అని అడగున్రి, నేనైతే అడిగితే చెప్త. ఇంటికి తెచ్చినంక బకెట్ నీళ్ళల్ల ముంచి తీసి జాడించున్రి, రెక్కలు పిల్లల నోట్ల పడకుండ ఎత్తుల పెట్టున్రి. గునుగు, పెరట్ల జినియా, సీతజడకైతే ఆ భయమే లేదు.

పట్నంల పాలమూరోడు
అరటిపండ్ల గంప పక్కన మాత్రం పెట్టకున్రి పూలు. మామిడికాయలు మగ్గబెట్టే అర్రల అసలే వద్దు. పండు మగ్గేటప్పుడు వచ్చే గాలికి పువ్వు తొందరగ ముసలిదైతది. మా ఇంట్ల డైనింగ్ టేబుల్ మీద రెండూ ఒక్క కాడ ఉండేటివి, పండ్ల గంప వంటింట్లకు జరిపినంక పూలు జర ఎక్కువ రోజులు ఆగుతున్నయి.

గడియారం సెంటర్
బతుకమ్మ ముందు అప్‌డేట్. సారు చెప్పినట్టే పెట్టిన, తమ్ముడు తెచ్చిన ఒకే కట్ట జర్బెరాలు, రెండు గ్లాసులు, రెండు వేళ్ళ మందం నీళ్ళు. నల్లరేగడి అన్న చెప్పింది కరెక్ట్, ఈసారి ఏ గ్లాసుల కూడ మెడ వంగలే, అంటే అది నీళ్ళు ఎక్కువ పోసినందుకే. కానీ సారు చెప్పింది కూడ కరెక్ట్. బోరు గ్లాసుల పూలకు రెక్కల కొసలు సన్నగ దారం లెక్క గోధుమరంగు తిరిగినయి, ముందు బయటి వరస, తర్వాత లోపలి వరస. వాన నీళ్ళ గ్లాసుల పూలు జర రంగు తగ్గినయి కానీ అంచులు శుభ్రంగ ఉన్నయి. ఫోటో తీసి మా ఆయనకు చూపిస్తే పూలు ఇడిసిపెట్టి "మనం ఈ నీళ్ళతోటేనా వంట చేస్తున్నం" అన్నడు. రేపటి నుంచి వంటకు కూడ నల్లా నీళ్ళే.

కెమిస్ట్రీ సారు
పూలకంటే అది ముఖ్యమమ్మా. పప్పు, అన్నం ఉడికేటప్పుడు ఆ నీళ్ళు మొత్తం తిండిలోకే పోతాయి. పరీక్ష కూడా చేయించండి, మండల గ్రామీణ నీటి సరఫరా వాళ్ళను అడిగితే ఎక్కడ ఇవ్వాలో చెప్తారు. రెండు గ్లాసులతో లెక్క తేలదు, తేడా ఉందని మాత్రమే తెలుస్తుంది.

మునుగోడు పెద్దమ్మ
మా ఊర్ల అందరి పండ్లు చూస్తే తెలిసేది బిడ్డా, పూలు చూసి తెలుసుకునే కాలం వచ్చింది.

గడియారం సెంటర్
నిజమే పెద్దమ్మా. సరే, మా అత్తమ్మ ముచ్చట కూడ చెప్పాలె. మూరపూలు అన్న మాట వాడిన, దేవునికి పెట్టంగ మిగిలినయే అన్న. ఆమె నవ్వి, "అట్లనైతే ముందు దేవుని అర్రల కూడ ఒక గ్లాసు పెట్టు" అన్నది. ఇప్పుడు రెండు గ్లాసులు కావాల్సి వస్తున్నయి.

@చెల్కపొలం అన్నా, దసరా గడిచినంక వారానికొక కట్ట పంపుతరా? బంతి ఉన్నన్ని రోజులు బంతి, తర్వాత చామంతి, ఎవలన్న ఆస్టర్ వేస్తే అది. కాడ జానెడన్న ఉండాలె. మొగ్గల పైసలు కలిపే చెప్పున్రి రేటు.

చెల్కపొలం (దేవరకొండ దిక్కు)
పంపుత అక్కా. శనివారం పొద్దున మొదటి బస్సుకు మార్కెట్ సరుకు తోటి వేస్త. బస్టాండ్ కాడికి బకెట్ల నాలుగు వేళ్ళ నీళ్ళు పోసుకోని రాన్రి, చేతుల పట్టుకపోతే ఆటో గాలికే వాడుతయి. ఇంటికి పోయినంక కాడ కొస మళ్ళొకసారి ఏటవాలుగ కొయ్యాలె, నీళ్ళల్ల మునిగే ఆకు మొత్తం తీసెయ్యాలె, బంతి ఆకు నీళ్ళల్ల ఉంటే మర్నాడే ఇల్లు కంపు కొడ్తది. ఆస్టర్ మా పక్క చేనాయన పోయిన ఏడు పావెకరం వేసిండు, ఈ ఏడు వేస్తడో లేదో అడుగుత. రేటు ఫోన్ల మాట్లాడుదాం, ఇక్కడ రాస్తే మా ఊరోళ్ళు చూస్తరు 😄

నల్లరేగడి (సూర్యాపేట)
అన్నా సూర్యాపేటకు కూడ పంపుతవా? మా ఇంటామె ఇదంత చదివి నాకు గ్లాసు చూపిస్తుంది.

చెల్కపొలం (దేవరకొండ దిక్కు)
ఇద్దరు ముగ్గురు అయితే నాలుగు సాళ్ళు కాడపూలకే ఇడిసిపెడ్త అన్నా, వాటికి తల తుంచకుండ. తల తుంచకపోతే ఒక్క కాడ పొడుగ్గ పోయి పెద్ద పువ్వు వస్తది. ఇంకెవలన్న ఉంటే ఇప్పుడే చెప్పున్రి, చామంతి మొగ్గ తొడిగినంక చెప్తే ఏం చెయ్యలేను.

జడ్చర్ల పోరి
మా హాస్టల్‌కు ఒక కట్ట!! కానీ మేము పది మందిమి కలిసి ఇస్తం పైసలు

షాద్‌నగర్ షటిల్
జడ్చర్లకు దేవరకొండ నుంచి పూలు ఎందుకు, మా దిక్కు రా, మా చిన్నాయన తోటల సీతజడ ఉన్నది, ఎర్రది పసుపుది రెండు, బతుకమ్మ అయినంక మిగిలింది ఉత్తగనే ఇస్తడు.

జడ్చర్ల పోరి
లొకేషన్ పంపు అన్నా